సున్నపురాయి కొండల్లో నాలుగు రోజులు: వసంతంలో యార్క్‌షైర్ డేల్స్

ఇంగ్లండ్ పల్లెలు చూడాలంటే చాలామంది కాట్స్‌వోల్డ్స్ పేరే చెబుతారు. లండన్‌కు దగ్గర, ఊళ్లు ముచ్చటగా ఉంటాయి, కారు ఉంటే ఒక్కరోజులో ఆరు ఊళ్లు చుట్టి రావచ్చు. అలా చుట్టి వచ్చేవాళ్లకు చివరికి గుర్తుండేది పార్కింగ్ కోసం తిరిగిన తిరుగుడే. చేతిలో నాలుగు రోజులుంటే ఉత్తరాదిన యార్క్‌షైర్ డేల్స్ మేలు. కారు అక్కర్లేదు. రైలు, ఒక బస్సు, నడవగలిగే కాళ్లు ఉంటే చాలు.

డేల్ అంటే లోయ. 1954లో ఈ లోయలన్నిటినీ కలిపి నేషనల్ పార్కు చేశారు. అడుగున ఉన్నది సుమారు 33 కోట్ల ఏళ్ల నాటి సున్నపురాయి. గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని వాన నీరు కాస్త పులుపెక్కుతుంది, సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. బొర్రా గుహల్లో, బెలుం గుహల్లో నీరు చేసింది ఈ పనే. అందుకే ఇక్కడ వాగులు ఉన్నట్టుండి నేలలోకి దిగిపోతాయి, మైళ్ల అవతల మళ్లీ పైకి వస్తాయి. నీరు ఎక్కడ మాయమైంది, ఎక్కడ తేలింది అని చూసుకుంటూ నడిస్తే నాలుగు రోజుల దారి దానంతటదే కుదురుతుంది.

ఏప్రిల్ చివరి వారం నుంచి మే రెండో వారం దాకా మంచి అదను. గొర్రెలు ఈని ఉంటాయి, అడవి వెల్లుల్లి పూసి ఉంటుంది, సాయంత్రం ఎనిమిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. మే మొదటి సోమవారం బ్యాంక్ హాలిడే కాబట్టి ఆ వారాంతంలో మాత్రం వెళ్లకండి. గదులు దొరకవు, దారులన్నీ బారులే.

సామాను గురించి ఒక మాట. జీన్స్ తీసుకెళ్లొద్దు. నూలు బట్ట తడిస్తే ఒంటి వేడిని లాగేస్తుంది, రాత్రంతా ఆరేసినా ఆరదు. పలచని సింథటిక్ బనియను, దానిపైన ఫ్లీస్, అన్నిటికీ పైన నీళ్లు దిగని జాకెట్, ప్యాంటు ఉండాలి. చీలమండ దాకా పట్టి ఉంచే బూట్లు కావాలి, అవి కొత్తవి కాకూడదు. మూడో రోజు సామానంతా వీపున మోస్తూ కొండ దాటాలి కనుక సంచి ఏడు కిలోలు మించకుండా చూసుకోవాలి. ఆర్డినెన్స్ సర్వే వాళ్ల ఎక్స్‌ప్లోరర్ ఓఎల్2 మ్యాపు కొనండి. అందులో 4 సెంటీమీటర్లు ఒక కిలోమీటరు, ఆకుపచ్చ చిన్న గీతలు కాలిబాటలు. లోయల్లో ఫోను సిగ్నల్ పోతుంటుంది, చలికి బ్యాటరీ త్వరగా దిగుతుంది, కాగితం మ్యాపుకు ఆ బెడద లేదు.

మొదటి రోజు: లండన్ – స్కిప్టన్ – మాల్హమ్

కింగ్స్ క్రాస్ నుంచి లీడ్స్‌కు రైల్లో సుమారు రెండుంబావు గంటలు. అక్కడ మారి స్కిప్టన్‌కు మరో ముప్పావు గంట. అడ్వాన్స్ టికెట్లు మామూలుగా ప్రయాణానికి పన్నెండు వారాల ముందు నుంచి దొరుకుతాయి. అదే రోజు కొనే టికెట్‌తో పోలిస్తే సగానికి సగం తేడా ఉండొచ్చు. ఇద్దరు కలిసి వెళ్తుంటే టూ టుగెదర్ రైల్‌కార్డు మీద మూడో వంతు తగ్గుతుంది, కానీ సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం తొమ్మిదిన్నర లోపు అది చెల్లదు. తొలి రైలు ఎక్కి, కార్డు చెల్లక, పూర్తి చార్జీ కట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

స్కిప్టన్ అంటే ‘గొర్రెల ఊరు’ అని అర్థం. సోమ, బుధ, శుక్ర, శనివారాల్లో పెద్దబజారులో సంత జరుగుతుంది, రొట్టె, చీజు, పళ్లు అక్కడే కొనుక్కోవచ్చు. వీధి చివర కోట. ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో మూడేళ్ల ముట్టడికి నిలిచి 1645 డిసెంబరులో లొంగిపోయింది. తర్వాత కోట యజమానురాలు లేడీ ఆన్ క్లిఫర్డ్ దాన్ని బాగుచేయించింది. లోపలి ముంగిట్లో ఉన్న యూ చెట్టు 1659లో ఆమె నాటించిందే. కోటకు గంటన్నర చాలు.

అసలు జాగ్రత్త బస్సు దగ్గర. స్కిప్టన్ నుంచి మాల్హమ్ 18 కిలోమీటర్లు. రోజుకు వచ్చే బస్సుల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మామూలు రోజుల టైంటేబుల్ వేరు, ఆదివారాలు, సెలవు రోజులది వేరు. ముందు బస్సు చూసుకుని, దాన్నిబట్టి రైలు టికెట్ కొనాలి. తిరగేసి చేస్తే టాక్సీ ఖర్చు నెత్తిన పడుతుంది. అన్నట్టు, మాల్హమ్‌ను అక్కడివాళ్లు ‘మాలమ్’ అంటారు, హకారం పలకరు.

ఊళ్లో దిగాక గదిలో సంచి పడేసి, వెలుతురుండగానే దక్షిణం వైపు పొలాల్లో పది పదిహేను నిమిషాలు నడిస్తే ఏర్‌హెడ్ స్ప్రింగ్స్ వస్తాయి. గడ్డి నేలలోంచి నీరు చడీచప్పుడు లేకుండా ఊరి వాగులో కలుస్తుంటుంది. చూడ్డానికి ఏమీ లేదనిపిస్తుంది. ఆ చోటు గుర్తుపెట్టుకోండి, రేపు దాని అవసరం ఉంది.

పబ్బుల్లో వంటగది రాత్రి ఎనిమిదిన్నరకో తొమ్మిదికో మూసేస్తారు. తలుపులు పదకొండు దాకా తెరిచే ఉంటాయి, లోపల సందడిగానూ ఉంటుంది, తినడానికి మాత్రం చిప్స్ ప్యాకెట్టు తప్ప మిగలదు. ఆర్డరు బల్ల దగ్గరికొచ్చి తీసుకోరు. బల్ల నంబరు చూసుకుని బార్ దగ్గరికెళ్లి చెప్పి, అక్కడే డబ్బు కట్టాలి. కుళాయి నీళ్లు అడిగితే ఉచితంగా ఇవ్వాలని చట్టమే ఉంది. శాకాహారులకు జాకెట్ పొటాటో, సూపు, చీజుతో ప్లౌమన్స్ లంచ్ దాదాపు ప్రతిచోటా దొరుకుతాయి. కొన్ని చీజుల్లో పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసిన రెనెట్ వాడతారు, పట్టింపు ఉన్నవాళ్లు ముందే అడగాలి.

రెండో రోజు: మాయమయ్యే వాగు

ఈ రోజు నడక గుండ్రంగా సుమారు 8 కిలోమీటర్లు. జానెట్స్ ఫోస్ అనే చిన్న జలపాతం, గోర్డేల్ స్కార్ అనే ఇరుకు లోయ, మాల్హమ్ కోవ్ అనే పెద్ద రాతిగోడ, మళ్లీ ఊరు. చాలామంది నేరుగా కోవ్‌కు వెళ్లిపోతారు. తొమ్మిదింటికి ముందే బయలుదేరి ఫోస్ వైపు నుంచి మొదలుపెడితే జనం ఒకవైపు, మీరు ఒకవైపు ఉంటారు.

వాగు పక్క బాటలో తూర్పుకు తిరిగాక గోడలు మొదలవుతాయి. ఇక్కడ కొండలన్నిటినీ గళ్లుగా విడదీసే రాతిగోడల్లో సున్నం లేదు, సిమెంటు లేదు. రెండు వరసల రాళ్లను ఎదురెదురుగా పేర్చి, నడుమ చిన్న రాళ్లు కూరుతారు. మధ్యమధ్య రెండు వరసల్నీ పట్టి ఉంచేలా అడ్డంగా పొడవాటి రాయి వేస్తారు. కింద వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం. మీటరు గోడకు టన్ను రాయి పైమాటే. ఎక్కువ భాగం 1750కీ 1850కీ మధ్య, ఉమ్మడి బీళ్లను చట్టాలు చేసి పంచుకున్నప్పుడు కట్టినవి. అలాంటి గోడ ఎక్కి దాటకూడదు. ఒక్క పైరాయి జారితే నాలుగు వానలకు గోడ పొట్ట ఉబ్బి కూలుతుంది. దాటడానికి గోడలోనే మెట్లుంటాయి, లేదా మనిషి పట్టి గొర్రె పట్టనంత సందు ఉంటుంది. గేటు మూసి ఉంటే మూసేయాలి, తెరిచి ఉంటే తెరిచే వదలాలి. తెరిచి ఉన్న గేటును మంచి పని చేస్తున్నామనుకుని మూస్తే అవతలి గొర్రెలకు నీళ్లు అందకపోవచ్చు.

నల్ల మొహం, తెల్ల మూతి, మెలికల కొమ్ములు ఉన్నవి స్వేల్‌డేల్ గొర్రెలు. గొర్రెపిల్ల ఒంటరిగా పడుకుని ఉంటే తప్పిపోయిందనుకుని ఎత్తుకోవద్దు. తల్లి దగ్గర్లోనే మేస్తుంటుంది, మనిషి వాసన తగిలితే దగ్గరికి రానివ్వకపోవచ్చు. కానీ పెద్ద గొర్రె వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటుంటే మాత్రం ఆగాలి. నిండు చూలుతోనో తడిసిన ఉన్ని బరువుతోనో అలా పడితే తనంతట తాను లేవలేదు, కడుపులో గాలి పేరుకుని చచ్చిపోతుంది. యార్క్‌షైర్ యాసలో దీనికి ‘రిగ్‌వెల్టెడ్’ అని ప్రత్యేకంగా మాటే ఉంది. ఉన్నిని గట్టిగా పట్టుకుని పక్కకు దొర్లించి నిలబెట్టి, తూలకుండా అర నిమిషం పట్టుకుని వదలాలి. దూడలున్న ఆవుల జోలికి మాత్రం పోకూడదు. దారి వాటి మధ్య నుంచే పోతున్నా దూరంగా చుట్టి వెళ్లాలి.

ఫోస్‌కు ముందు చిన్న అడవి. ఏప్రిల్ చివరికి నేలంతా అడవి వెల్లుల్లి, తెల్లటి నక్షత్రాల్లాంటి పూలు, పోపు వేసిన వంటింటి వాసన. ఆకు తినొచ్చన్నది నిజమే గానీ, దాని మధ్యలోనే లార్డ్స్ అండ్ లేడీస్ అనే విషపు మొక్క లేత ఆకులు మొలుస్తాయి. గుప్పెడు పట్టి లాగితే రెండూ కలిసి వస్తాయి. ఇక ఫోస్. ఎత్తు తక్కువే, తెరలా పరుచుకుని పడుతుంది. వెనుక ఉబ్బెత్తుగా నాచుపట్టి కనిపించేది టూఫా. నీటిలో కరిగి ఉన్న సున్నం తిరిగి రాయిగా పేరుకున్నదన్నమాట. ఫోస్ అన్న మాట, ఇక్కడ వాగును పిలిచే బెక్ అన్న మాట, కొండకు వాడే ఫెల్ అన్న మాట, మూడూ వైకింగులతో వచ్చినవే.

రోడ్డు దాటి అర కిలోమీటరు లోపలికి వెళితే గోర్డేల్ స్కార్. రెండు పక్కలా నూరు మీటర్ల దాకా లేచిన గోడలు, నడుమ రెండంచెల జలపాతం. మ్యాపు మీద దారి జలపాతం పైకి ఎక్కినట్టే కనిపిస్తుంది. అది చేతులు కూడా వాడి ఎక్కాల్సిన రాయి. వాన పడి ఉంటే, వీపున బరువుంటే, పిల్లలు వెంట ఉంటే అక్కడి నుంచే వెనక్కి తిరగాలి. సగం ఎక్కాక దిగడం ఎక్కడం కన్నా కష్టం.

వెనక్కి గోర్డేల్ వంతెన దాకా వచ్చి, బాట పట్టి పైకెక్కితే కోవ్ నెత్తిన ఉన్న రాతి పరుపు మీదికి చేరతారు. తాండూరు, బేతంచెర్ల నాపరాళ్లు పరిచిన అరుగును ఊహించుకోండి. అతుకులన్నీ జానెడు, మూరెడు వెడల్పున తెరుచుకుని నడుము లోతు దిగిపోతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. నాపరాయీ సున్నపురాయే కదా. ఇక్కడ రాతి పలకల్ని క్లింట్లు అని, సందుల్ని గ్రైకులు అని అంటారు. గాలి, గొర్రె అందుకోలేని ఆ సందుల నీడలో హార్ట్స్ టంగ్ ఫెర్న్ లాంటి అడవి మొక్కలు పెరుగుతాయి. లక్షల బూట్లకు అరిగి క్లింట్లు గాజులా నున్నబడ్డాయి. తడిగా ఉన్నప్పుడు పలక మధ్యలోనే అడుగు వేయాలి. చేతికర్రలు మడిచి సంచిలో పెట్టేయండి, సందులో ఇరుక్కుంటే కర్ర విరుగుతుంది, లేకపోతే మణికట్టు మెలిపడుతుంది. రాతి పరుపు నుంచి రాయి తీయడం చట్టరీత్యా నేరం.

అక్కడి నుంచి ఉత్తరంగా వాట్‌లోస్ అనే ఎండులోయలోకి వెళితే, రానూ పోనూ నాలుగు కిలోమీటర్ల పైచిలుకు అదనం. ఓపిక ఉంటే వదులుకోవద్దు, ఈ రోజుకు ప్రాణం అదే. లోయ ఉంది, వాగు లేదు. చివర చిన్న రాతిమెట్లు ఎక్కి రోడ్డు చేరువకు వెళితే వాటర్ సింక్స్. పైనున్న మాల్హమ్ టార్న్ అనే చెరువు నుంచి పారి వచ్చిన వాగు రాళ్ల మధ్య నుంచి నేలలోకి ఇంకిపోతుంది. ఇంత జల్లెడలాంటి నేల మీద 377 మీటర్ల ఎత్తున చెరువు ఎలా నిలిచిందంటే, దాని అడుగున సున్నపురాయి లేదు, నీరు ఇంకని పలకరాయి ఉంది.

తిరిగొచ్చి కోవ్ పక్కనున్న 400 మెట్లు దిగితే 80 మీటర్ల తెల్లటి రాతిగోడ అడుగున నిలబడతారు. మంచుయుగం చివర, అడుగునేల గడ్డకట్టి నీరు ఇంకలేని రోజుల్లో, ఇది పెద్ద జలపాతం. తర్వాత నీరు నేలలోకి దారి చేసుకుంది, గోడ ఎండిపోయింది. 2015 డిసెంబరు 6న డెస్మండ్ తుపాను వానకు కొన్ని గంటలపాటు మళ్లీ పారింది. ఇప్పుడున్నవాళ్లలో అంతకుముందు దాన్ని చూసినవాళ్లు లేరు. గోడ అడుగు నుంచి ఒక వాగు వస్తుంటుంది. పైన ఇంకిన నీరే ఇక్కడ తేలిందని ఎవరైనా అనుకుంటారు. నీటిని పరీక్షించి చూస్తే లెక్క తప్పింది. ఈ వాగు పడమటి వైపు మరో చోట ఇంకిన నీరు. వాటర్ సింక్స్‌లో దిగిన నీరు దీన్ని నేల లోపలే దాటుకుని, నిన్న సాయంత్రం చూసిన ఏర్‌హెడ్ స్ప్రింగ్స్ దగ్గర బయటపడుతుంది.

వసంతంలో ఈ గోడ మీద పెరెగ్రిన్ డేగలు గూడు కడతాయి. కింద పక్షి సంరక్షకులు టెలిస్కోపులు పెట్టి అడిగినవాళ్లకు చూపిస్తుంటారు.

మూడో రోజు: కొండ దాటి సెటిల్, అక్కడి నుంచి రిబుల్‌హెడ్

మాల్హమ్ నుంచి సెటిల్‌కు పైక్‌డా కొండ మీదుగా సుమారు 10 కిలోమీటర్లు. మాల్హమ్ 200 మీటర్ల ఎత్తున, దారిలో శిఖరం సుమారు 500 మీటర్ల దగ్గర ఉంది. సమయం అంచనాకు పాత లెక్క ఒకటి ఉంది. 5 కిలోమీటర్లకు గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరో గంట. అంటే రెండున్నర గంటలు. సంచి బరువు, ఫోటోలు, తిండి కలుపుకుని నాలుగు వేసుకోండి. దారిలో కొట్టు లేదు, కుళాయి లేదు. మనిషికి లీటరున్నర నీళ్లు, తిండి మోసుకెళ్లాలి. వంటగది ఉన్న హాస్టల్లో దిగితే పొద్దున్నే చింతపండు పులిహోర కలుపుకోవచ్చు. చలికి గట్టిపడి బిగుసుకునే శాండ్‌విచ్ కన్నా కొండ మీద అదే నయం.

పైన చెట్టన్నది ఉండదు, గాలి ఎదురొస్తుంది. కర్ల్యూ పిట్ట పొడవాటి ఈల, లాప్‌వింగ్ గొంతు వినిపిస్తుంటాయి. లాప్‌వింగ్ మన తీతువుకు దగ్గరి చుట్టం. మన దగ్గర తీతువు అరిస్తే కీడంటారు, ఇక్కడ అది నెత్తిన తిరుగుతూ అరుస్తుంటే గూడు నేల మీద ఎక్కడో మీ కాళ్ల దగ్గరే ఉందని అర్థం. బాట వదలకుండా చకచకా నడిచి పోవాలి.

సెటిల్ చేరుతుండగా కుడివైపు అట్టర్‌మైర్ స్కార్ తెల్లటి బండలు కనిపిస్తాయి. వాటికి ఉత్తరాన విక్టోరియా గుహ, లోపల దొరికినవి హిప్పోలు, ఖడ్గమృగాలు, ఏనుగుల ఎముకలు, సుమారు 1,30,000 ఏళ్ల నాటివి. లోపల పైకప్పు రాళ్లు రాలుతుంటాయి, గుమ్మం దగ్గరే చూసి రావాలి.

మధ్యాహ్నం సెటిల్‌లో సంచి దింపి రిబుల్‌హెడ్ రైలెక్కండి, పావుగంట ప్రయాణం. లీడ్స్ నుంచి కార్లయిల్ వెళ్లే ఈ రైళ్లు దాదాపు రెండు గంటలకొకటి. దిగేముందే తిరుగు రైలు టైము రాసుకోవాలి. రిబుల్‌హెడ్‌లో ఊరంటూ లేదు, ఒక పబ్బు, కొద్ది ఇళ్లు, మిగతాదంతా గాలే.

స్టేషన్ నుంచి పావుగంట నడిస్తే వయాడక్ట్, అంటే లోయను దాటించే రైలు వంతెన, అడుగున ఉంటారు. 24 ఆర్చీలు, 400 మీటర్ల పొడవు, 32 మీటర్ల ఎత్తు. 1870లో పని మొదలైంది, మొత్తం మార్గం మీద ప్రయాణికుల రైళ్లు 1876 మే 1న నడిచాయి. ప్రతి ఆరో స్తంభాన్ని మిగతావాటికన్నా లావుగా కట్టారు. ఒకటి కూలితే వరసంతా పేకమేడలా పడిపోకుండా నష్టం ఆరు ఆర్చీలతో ఆగాలని ఆ ఏర్పాటు. కూలీలు ఈ చిత్తడి మీదే గుడిసెలు వేసుకుని కుటుంబాలతో బతికారు. ప్రమాదాలకు, మశూచికి పోయినవాళ్లు రెండు వందలకు పైగా చాపెల్-లె-డేల్ చర్చి ఆవరణలో ఉన్నారు. 1980ల్లో మరమ్మతు ఖర్చు చూపించి మార్గమే మూసేస్తామన్నారు. జనం పట్టుబట్టాక 1989 ఏప్రిల్‌లో ఆ ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు. బరువు తగ్గించడానికి వంతెన మీద ఒక్క పట్టానే ఉంచారు, అందుకే ఇక్కడ రెండు రైళ్లు ఎదురుపడవు.

నాలుగో రోజు: పెనిగెంట్

సెటిల్ నుంచి హోర్టన్‌కు రైల్లో ఎనిమిది నిమిషాలు. కొండ 694 మీటర్లు, ఎక్కాల్సింది సుమారు 450. గుండ్రపు దారి 10 కిలోమీటర్లు, నాలుగు గంటలు. ముందురోజు రాత్రే మెట్ ఆఫీస్ (వాతావరణ శాఖ) కొండల సూచన చదవాలి. ఊళ్లో పదమూడు డిగ్రీలుంటే పైన పది, గాలి గట్టిగా ఉంటే ఒంటికి తగిలేది ఐదు లోపే. మబ్బు కిందికి దిగి ఉంటే ఎక్కడం మానేసి సెటిల్ నుంచి లాంగ్‌క్లిఫ్ వైపు నడిచి 1873 నాటి హాఫ్‌మన్ సున్నపుబట్టీ చూడొచ్చు. 22 గదుల్లో మంట ఒకదాని తర్వాత ఒకటిగా చుట్టూ తిరిగేది, ప్రవేశం ఉచితం.

ఆకాశం బాగుంటే బ్రాకెన్‌బాటమ్ వైపు నుంచే ఎక్కాలి. కొండ ముక్కు మీద రెండు నిట్టనిలువు మెట్లున్నాయి, కిందిది సున్నపురాయి, పైది గరుకు ఇసుకరాయి. రెండుచోట్లా చేతులు ఆనించాలి. వీటిని ఎక్కడం తేలిక, దిగడం మోకాళ్లకు శిక్ష, అందుకే ఈ వరస. శిఖరం మీద గోడ ఉంది, గాలికి అవతలి వైపు కూర్చుని తినండి. పడమటి వైపు పెనైన్ వే అనే దూరపు కాలిబాట మీద దిగుతుంటే ఏప్రిల్‌లో సున్నపురాతి బండలకు ఊదారంగు సాక్సిఫ్రేజ్ పూలు అతుక్కుని ఉంటాయి. బాట వదిలి దగ్గరికి పోవద్దు, దూరం నుంచే కనిపిస్తాయి.

కిందికొచ్చాక కుడివైపు నాలుగైదు వందల మీటర్లు వెళితే హల్ పాట్. నేల నోరు తెరిచినట్టు 90 మీటర్ల పొడవు, 18 మీటర్ల లోతు. కంచె లేదు, అంచు గడ్డి తడిగా ఉంటుంది. పొడి వారంలో వాగు అంచుకు చేరకముందే ఇంకిపోయి గొయ్యి ఎండుగా కనిపిస్తుంది, గట్టి వాన మర్నాడు అదే చోట జలపాతం. ఇక్కడ ప్రమాదమేదైనా జరిగితే 999కి చేసి పోలీసును, వాళ్ల ద్వారా మౌంటెన్ రెస్క్యూను అడగాలి. ఫోను పలకకపోతే నిమిషానికి ఆరు ఈలలు, ఒక నిమిషం ఆగి మళ్లీ ఆరు. వచ్చేది క్లాపమ్‌లోని కేవ్ రెస్క్యూ ఆర్గనైజేషన్, 1935లో మొదలైంది, అందరూ వాలంటీర్లే.

అక్కడి నుంచి రెండు గోడల మధ్య సందులో గంటలోపు హోర్టన్. సెటిల్‌లో సంచి వదిలి ఉంటే అక్కడ దిగి తీసుకోవడానికి ఒక రైలు పోతుంది, తర్వాతిది రెండు గంటలకు. లీడ్స్ నుంచి లండన్‌కు అడ్వాన్స్ టికెట్ కొనేటప్పుడే ఆ రెండు గంటలూ లెక్కలో వేసుకోవాలి, ఆ టికెట్ వేరే రైల్లో చెల్లదు. హోర్టన్‌లో రైలెక్కాక ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుంటే పెనిగెంట్ ముక్కు కాసేపు వెంటే వస్తుంది.